ఏ ఎరుపు?

“ఎర్రగా అంటే ఏ ఎరుపండీ?” అని అడిగాడు డాక్టరు హేమంత్‌కుమార్.

ఏలూరు ఆస్పత్రిలో ఆ గది చల్లగా ఉంది. సూర్యనారాయణ కండువా భుజాల నిండా కప్పుకుని, పొంగిన కాళ్ళు బల్ల కిందికి దాచుకుని కూర్చున్నాడు. పక్క కుర్చీలో భార్య ఉమాకుమారి, వెనక నిలబడి కూతురు హరిణి, తలుపు దగ్గర బావమరిది వీరవెంకటరమణ. మూడో కుర్చీలో సూర్యనారాయణ అక్కగారు జ్ఞానప్రసూనాంబ కూర్చుంది. డెబ్భై దాటిన మనిషి కాబట్టి ఆవిడకి ఎక్కడికెళ్ళినా కుర్చీ దొరుకుతుంది, దాంతోపాటు మాట్లాడే హక్కూ దొరుకుతుంది.

“మనవాళ్ళు మూత్రం ముదురు పసుపుగా వచ్చినా ఎర్రగా వస్తోందనే అంటారు,” అన్నాడు డాక్టరు. “మీరు చూసింది ఆ ఎరుపా, నెత్తురు ఎరుపా?”

“నెత్తురేనండీ. పారాణి కలిపినట్టు.”

“ఎప్పటినుంచి?”

సూర్యనారాయణ కళ్ళెత్తి తలుపు వైపు చూశాడు. రమణ చూపు ఆయన చూపుతో కలిసింది. వెంటనే ఆయన గోడ మీదున్న కిడ్నీ బొమ్మ వైపు తిరిగి, “గుర్తులేదండీ, ఈ మధ్యనే. వేడి చేసిందనుకున్నాను,” అన్నాడు.

ఈ మధ్య కాదు, మాఘమాసంలో. ఎనిమిది నెలలయింది. ఆ సంగతి ఆ గదిలో ఇద్దరికే తెలుసు. తాడేపల్లిగూడెంలో రమణది మందుల షాపు. పెళ్ళిళ్ళ రోజులు, షాపు నిండా జనం. పెంటపాడు నుంచి వచ్చిన ఇద్దరాడవాళ్ళు పక్కనే నిలబడి ఉంటే, సూర్యనారాయణ కౌంటరు మీదికి వంగి, “రమణా, ఒంటికి ఎర్రగా వెళ్తోందిరా,” అని చెవిలో చెప్పినట్టు చెప్పాడు. రమణ తల కూడా తిప్పలేదు. “ఎండలో చెరువు గట్ల మీద తిరుగుతుంటే వేడి చెయ్యక చలవ చేస్తుందా బావగారూ!” అని నవ్వి, వెనక అరలోంచి చలవ మందు సీసా తీసి చేతిలో పెట్టాడు. ఏ ఎరుపు అని అడగలేదు. అడగాలని తోచలేదు కూడా.

డాక్టరు స్క్రీను వాళ్ళవైపు తిప్పాడు. బూడిదరంగు మసకలో గుండె మూసుకుంటూ తెరుచుకుంటూ ఉంది. కుడిపక్క గదిలో వేలెడంత ముక్క ఒకటి, గుండె కొట్టుకున్నప్పుడల్లా ఇటూ అటూ ఊగుతోంది.

“ఇది గుండెది కాదండీ. కుడి కిడ్నీలో పుట్టిన క్యాన్సరు గడ్డ. పెద్ద రక్తనాళంలోకి దిగి, పైకి పాకి, గుండెలోకి తల పెట్టింది. కాళ్ళవాపూ ఆయాసమూ దీనివల్లే.”

“కిడ్నీలో పుట్టింది గుండెలోకి ఎలా వస్తుందండీ, మధ్యలో ఇంత పొట్ట ఉండగా?” అంది జ్ఞానప్రసూనాంబ.

“నెత్తురు వెళ్ళే దారినే వచ్చిందండీ. పాదు పందిరెక్కినట్టు.”

ఉమాకుమారి భర్త కండువా కొస పట్టుకుని దాన్ని మడతలు పెట్టడం మొదలుపెట్టింది. ఆపరేషను విజయవాడలో చెయ్యాలన్నాడు డాక్టరు. వచ్చే బుధవారం. కిడ్నీ డాక్టర్లూ గుండె డాక్టర్లూ కలిసి చేస్తారు. గుండెని కాసేపు ఆపి, మనిషిని మిషను మీద ఉంచి, లోపలున్నది తీస్తారు. ఎనిమిది తొమ్మిది గంటలు పడుతుంది. ప్రమాదం లేదని చెప్పను, చెయ్యకపోతే మటుకు ఆ ముక్క ఏ నిమిషాన తెగుతుందో చెప్పలేం, మంగళవారం చేర్పించేదాకా ఈయన్ని మంచం దింపకండి అన్నాడు.

“ముందే చూసి ఉంటే?” అని అడిగింది హరిణి.

“మొదటిసారి నెత్తురు పడ్డప్పుడే స్కానింగు తీసి ఉంటే కిడ్నీ ఒక్కటి తీస్తే సరిపోయేదేమో. అప్పటికే ఎంత ఉందో ఎవరూ చెప్పలేరనుకోండి. ఈ జబ్బులో నెత్తురు దానంతటదే ఆగుతుందమ్మా, మళ్ళీ వస్తుంది. ఆగినప్పుడల్లా తగ్గిపోయిందనుకుంటారు.”

రమణ చెయ్యి తలుపు పిడి మీదే ఉండిపోయింది. సీసా వాడిన రెండో రోజుకే ఆగిపోయిందని బావగారు ఫోను చేసి మరీ మెచ్చుకున్నాడు. తరవాత ఇంకో రెండుసార్లు అదే సీసా అడిగాడు. ఆకివీడులో పదిమందికి మా బావమరిది హస్తవాసి మంచిదని చెప్పాడు కూడా.

*

ఆకివీడులో సూర్యనారాయణకి చేపల మేత, చెరువు నీళ్ళకి గాలి పట్టించే గాలిమరల వ్యాపారం. ముందు షాపు, వెనక ఇల్లు. ఆయన్ని మంచం మీద పడుకోబెట్టి కాళ్ళ కింద దిండ్లు పెట్టి బయటికి రాగానే, జ్ఞానప్రసూనాంబ వసారాలో విచారణ మొదలుపెట్టింది.

“మొగుడికి నెత్తురు పోతుంటే పెళ్ళానికి తెలియకపోవడం ఏవిటే ఉమా? పంచెలు ఉతికేది నువ్వే కదా?”

“మిషన్లో వేస్తానండీ వదినగారూ.”

“వేసేముందు చూడవుటే? పైగా ఆ ఆవకాయొకటి. మూడు పూటలా కారమే. పుట్టదూ మరి, లోపల గడ్డ!”

ఆవకాయకీ క్యాన్సరుకీ సంబంధం లేదని డాక్టరు గదిలోనే చెప్పాడు. అయితే డాక్టరు చెప్పింది అక్కడికే సరి, వదినగారు చెప్పింది ఇంట్లో నిలుస్తుంది. ఉమాకుమారి మారుమాట లేకుండా వంటింట్లోకి వెళ్ళింది. అటక మీంచి జాడీ దింపి, వాసెన గుడ్డ విప్పి, వేసవిలో తన చేత్తో కలుపుకున్న ఆవకాయంతా గరిటెతో తీసి పనిమనిషి గిన్నెలో వేసింది. జాడీని దొడ్లో పంపు కింద పెట్టి రుద్దడం మొదలుపెట్టింది. నూనె ఒక పట్టాన వదలదు. ఆవిడ కూడా వదల్లేదు.

రమణ వెళ్ళి పక్కన నిలబడ్డాడు.

“ఒరే రమణా, మందుల మనిషివి. నిజం చెప్పు. ఆవకాయ వల్ల వస్తుందా?”

“రాదక్కా. దేనివల్లా రాదు. దానంతటదే వస్తుంది.”

“మరి వేడి చేసిందనుకున్నానని ఆయన అక్కడ అన్నారుగా. ఎవరు చెప్పారు వేడని?” ఆవిడ జాడీ బోర్లించి నీళ్ళు వంచింది. “ముప్ఫైరెండేళ్ళు కాపురం చేశాను. చెప్పు తెగితే చెప్పే మనిషి, నెత్తురు పోతుంటే నాతో ఒక్కమాట అనలేదురా. నీతోనేమైనా అన్నారా?”

అడగనే అడిగింది. ఇంతకంటే తిన్నగా ఎవరూ అడగరు. రమణ నాలుక మీదికి నిజం వచ్చింది. అదే సమయానికి షాపులోంచి ఎవరో, “రమణగారు వచ్చారటగా, మా అమ్మకి మోకాళ్ళ నొప్పులు, ఒకసారి అడుగుదామని,” అనడం వినపడింది.

“లేదక్కా,” అన్నాడు రమణ.

ఆవిడ తలూపింది. తమ్ముడి మాట నమ్మడానికి ఆవిడకి ఆలోచించే పని లేదు. రమణకి తన మీద తనకే రోత పుట్టింది.

*

మర్నాడు గూడెంలో షాపు తెరిచాడు. పొద్దున్న పదింటికి జనం ఒకరి మీదొకరు వంగి చీటీలు చాపుతున్నారు. రమణ బిళ్ళల పట్టీలు కత్తెరతో కత్తిరించి కాగితపు కవర్లలో వేస్తూ, చదువురాని వాళ్ళకి కవరు మీద పొద్దుటి బిళ్ళకి సూర్యుణ్ణీ, రాత్రి బిళ్ళకి చంద్రవంకనీ గీసి ఇస్తున్నాడు. పాతికేళ్ళుగా అదే అలవాటు. ఆ సూర్యుడి కోసమే పక్క వీధి షాపు దాటి ఇక్కడికి వచ్చే ముసలమ్మలున్నారు. ఆ రోజు ఒకావిడ కవరు తిరిగిచ్చి, “ఇదేవిటి బాబూ, రెండూ చంద్రుళ్ళే గీశావు,” అంది.

మధ్యాహ్నం జనం పలచబడ్డాక భార్య శకుంతల క్యారేజీ తెచ్చింది. అతను తింటుంటే ఆవిడే కౌంటరు చూస్తుంది. ఆ రోజు కౌంటరు వదిలేసి ఎదురుగా స్టూలు మీద కూర్చుంది.

“అన్నయ్యగారికి మూడుసార్లు పంపాం కదండీ ఆ సీసా. మూడోసారి బస్సులో వేయించింది నేనే. వదినగారితో చెప్పారా?”

“ఏవని చెప్పను? రోజుకి ఇరవైమంది ఎర్రగా వెళ్తోందంటారు. ఇరవైమందికీ వేడే.”

“అందుకేగా అడగడం మానేశారు,” అంది శకుంతల. తిట్టినట్టు కాదు, ఉన్నమాట అన్నట్టే అంది.

రమణ మంచినీళ్ళు తాగాడు. “ఆపరేషన్ అయ్యాక చెబుతాను. ఇప్పుడు చెప్పి అక్కని ఇంకా ఏడిపించడం దేనికి?”

“వదినగారు ఇప్పుడు నవ్వుతున్నారేంటండీ? అక్కడ వాళ్ళాడపడుచు ఈవిణ్ణి కాల్చుకు తింటోంది. మీరు చెప్పకపోతే ఆ నేరం జన్మంతా ఆవిడ నెత్తినే ఉంటుంది.”

అతను క్యారేజీ మూత పెట్టేశాడు. భార్య చెప్పింది సబబేనని తెలుసు. తెలిసినా భయం పోలేదు. అమ్మా నాన్నా పోయాక అక్కా తనూ ఇద్దరే మిగిలారు. అక్క మొహం చాటేస్తే తనకింక మొహం చూపించే చోటు లేదు. అదొక్కటే అనుకుంటే కొంత నయం. రమణగారి హస్తవాసి మాట రేపు గూడెంలో ఏమవుతుందోనన్న దిగులు కూడా ఆ లోపలే ఉంది. బావగారి గుండెలో అంత ముక్క ఊగుతుంటే తన షాపు పరువు గుర్తొస్తున్నందుకు సిగ్గుపడ్డాడు. సిగ్గుపడి కూడా ఫోను తియ్యలేదు.

*

ఆపరేషనుకి ముందు కొల్లేటికోట పెద్దింట్లమ్మకి మొక్కు చెల్లించాలని జ్ఞానప్రసూనాంబ పట్టుబట్టింది. ఆదివారం రమణ కారు తీశాడు. సూర్యనారాయణ దగ్గర హరిణిని ఉంచి, ఆడవాళ్ళిద్దరే బయల్దేరారు. కైకలూరు దాటాక రోడ్డుకి రెండు వైపులా చెరువులే. గాలిమరలు తెల్లటి నురగ చిమ్ముతూ తిరుగుతున్నాయి. గట్ల మీద గూడకొంగలు బారులు తీరి కూర్చున్నాయి. ఉమాకుమారి ఒడిలో పూల బుట్ట పెట్టుకుని, “ఈ గట్ల మీదేగా ఆయన తిరిగేది,” అంది.

గుళ్ళో రద్దీగా ఉంది. చీరా పసుపూ కుంకుమా అమ్మవారికి ఇచ్చాక పూజారి హారతి వెలిగించాడు. అప్పుడు జ్ఞానప్రసూనాంబ ఉమాకుమారిని మోచేత్తో పొడిచింది.

“లెంపలేసుకోవే. చూసుకోలేకపోయాను, తప్పయిపోయింది తల్లీ అని చెప్పు. నీ నోటితో నువ్వు ఒప్పుకుంటే అమ్మ చల్లబడుతుంది.”

ఉమాకుమారి బుట్ట కింద పెట్టింది. చేతులు అడ్డంగా మార్చి రెండు చెంపలూ వాయించుకుంది. మామూలుగా అందరూ వేసుకునే లెంపలు కావు అవి. గాజులు గలగల్లాడేటట్టు, పక్కవాళ్ళు తిరిగి చూసేటట్టు కొట్టుకుంది. “చూసుకోలేకపోయాను తల్లీ. నా తప్పే. నా తప్పే తల్లీ.” చెంపలు కందిపోయాయి. ఏభై ఆరేళ్ళ మనిషి, మనవల్ని ఎత్తుకోవలసిన వయసులో, బళ్ళో దెబ్బలు తినే పిల్లలా నిలబడి ఉంది.

రమణ వెళ్ళి ఆవిడ చేతులు పట్టుకున్నాడు.

“అక్కా, ఆపు. నీ తప్పు కాదు. బావగారు నాతో చెప్పారు.”

“ఏవిట్రా?”

“మాఘంలో. ఎర్రగా వెళ్తోందన్నారు. నేను వేడన్నాను. నెత్తురా అని అడగలేదు. మూడుసార్లు అదే సీసా ఇచ్చాను. మొన్న నువ్వడిగితే లేదని అబద్ధం చెప్పాను.”

హారతి పళ్ళెం పట్టుకున్న పూజారి ఎవరికి ముందు చూపించాలో తెలియక ఆగిపోయాడు. ఉమాకుమారి చేతులు విడిపించుకుని, హారతి కళ్ళకద్దుకుని, బుట్ట తీసుకుని బయటికి నడిచింది. వచ్చేటప్పుడు తమ్ముడి పక్కన ముందు సీట్లో కూర్చుంది. తిరిగి వెళ్ళేటప్పుడు వెనక కూర్చుంది. ఆకివీడు వచ్చేదాకా కారులో ఎవరూ నోరు విప్పలేదు. జ్ఞానప్రసూనాంబ కూడా విప్పలేదంటే చూసుకోండి.

ఇంట్లోకి వెళ్ళగానే ఉమాకుమారి మంచం ముందు నిలబడింది.

“ఏవండీ, మాఘంలోనే మా రమణతో చెప్పారటగా. వాడు నెత్తురా అని కూడా అడగలేదట. నిజమేనా?”

సూర్యనారాయణ దిండుకి ఆనుకుని, ఊపిరి కూడదీసుకుని, భార్య కందిన చెంపల వంకా వెనకనున్న రమణ వంకా చూశాడు.

“వాడి మొహం. అడిగాడు. ఎందుకడగడూ? మంగళవారం, మధ్యాహ్నం పన్నెండున్నర. కళ్ళజోడు తీసి కౌంటరు మీద పెట్టి మరీ అడిగాడు, నెత్తురా బావగారూ అని. నేనే కాదన్నాను. నెత్తురంటే స్కానింగంటాడు, ఆపరేషనంటాడు, నాకు భయం. వాడు నన్ను కాయడానికి తన మీద వేసుకుంటున్నాడు.”

“అనుకున్నాను!” అంది జ్ఞానప్రసూనాంబ. ఆవిడకి ప్రాణం లేచొచ్చింది. “చిన్నప్పుణ్ణించీ ఇంతే వీడు. టీకాలవాళ్ళొచ్చారంటే గాదె వెనక దూరేవాడు. ఉమా, నువ్వేం చేస్తావులేవే, వీడే చెప్పకపోతే. పొద్దుణ్ణించీ ఏం తినలేదు, రా, రెండు మెతుకులు తిందువుగాని.”

ఉమాకుమారి మొగుణ్ణి తిట్టింది. చాలాసేపు తిట్టింది. ఇంత వయసొచ్చి సూదికి భయపడ్డానని చెప్పడానికి సిగ్గులేదా అంది. నన్ను అందరిలో దోషిని చేశారంది. ఆయన నవ్వుతూ తలూపుతూ పడ్డాడు. రమణ గోడకి ఆనుకుని నిలబడ్డాడు. గుండెల మీంచి బరువు దిగినట్టయింది. నిజంగా అడిగానేమో, నేనే మరిచిపోయానేమో అని కూడా ఒక్క క్షణం అనిపించింది. ఆ క్షణం తనకెంత హాయిగా ఉందో తెలిసేసరికి అతను గోడ వదిలి మంచం దగ్గరికి వచ్చాడు.

ఆడవాళ్ళు వంటింట్లోకి వెళ్ళాక, అతను మంచం కాళ్ళవైపు కూర్చుని, జారిన దిండు సరిచేసి, బావగారి పాదాలెత్తి దాని మీద పెట్టాడు. వేలితో తాకిన చోటల్లా చర్మం గుంట పడి, అలాగే ఉండిపోతోంది.

“ఎందుకలా చెప్పారు బావగారూ? నేను అడగలేదు.”

“తెలుసు.”

“మరి?”

“బుధవారం నేను బయటికి రాకపోతే దానికి పుట్టిల్లొకటి ఉండాలి కదరా,” అన్నాడు సూర్యనారాయణ. “నీ మీద కోపంతో నీ గుమ్మం తొక్కనంటే అదెక్కడికి పోతుంది? నా మీద కోపం వస్తే ఏం, నాతో పోతుంది. ఇంకెప్పుడూ ఆ మాట ఎత్తకు.”

రమణ ఆ పాదాలు పట్టుకుని ఏడ్చాడు. ఆయన వద్దనలేదు, ఓదార్చలేదు. ఆయనకి ఊపిరి తీసుకోవడమే పనిగా ఉంది.

*

బుధవారం పొద్దున్న ఏడింటికి విజయవాడ ఆస్పత్రిలో సూర్యనారాయణని లోపలికి తీసుకెళ్ళారు. స్ట్రెచరు తలుపు దాటేదాకా ఉమాకుమారి నవ్వు మొహంతో నిలబడింది. తలుపు మూసుకున్నాక బెంచీ మీద కూర్చుని, పక్కకి జరిగి, “రా, కూర్చో,” అంది తమ్ముడితో. ఆదివారం తరవాత అతనితో ఆడిన మొదటి మాట అది. హరిణి, వాళ్ళ మేనత్తని తీసుకుని టిఫినుకి వెళ్ళింది.

“ఆదివారం ఆయన చెప్పింది అబద్ధం,” అంది ఉమాకుమారి.

రమణ తల తిప్పి అక్క వంక చూశాడు.

“మాఘంలో నీకు కళ్ళజోడెక్కడిదిరా? శ్రావణంలో కదూ పెట్టించుకున్నావు. ఆయన నిజం చెబితే ఒక్క ముక్కలో చెబుతారు. అబద్ధమైతే వారం, టైము, అన్నీ చెబుతారు.”

“మరి ఆయన్ని అన్నేసి మాటలన్నావు?”

“నమ్మాననుకోవాలి కదా. నీకూ నాకూ చెడకుండా చేసి వెళ్తున్నాననుకుని లోపలికి వెళ్ళారు. ఆ తృప్తి ఎందుకు తియ్యాలి? తిడుతుంటే ఎంత సంతోషపడ్డారో చూశావుగా.” ఆవిడ కొంగుతో మూతి తుడుచుకుని తమ్ముడి వంక తిరిగింది. “నువ్వడగలేదు. అదొక తప్పు. పోనీ, అది ఎవరైనా చేస్తారు. నేను దొడ్లో జాడీ తోముతూ అడిగితే మొహం మీద లేదన్నావు చూడు, దానికి నాకు కడుపు మండిపోతోందిరా. నన్ను లెంపలు వాయించుకోనిచ్చావు.”

“అక్కా...”

“విను. ఆయన బతికి బయటికొస్తే నీతో ఏడాది మాట్లాడను. శకుంతలతో మాట్లాడతాను, నీతో మాత్రం మాట్లాడను. రాకపోతే...” ఆవిడ తలుపు వైపు చూసింది. “రాకపోతే మాట్లాడక ఏం చేస్తాను? నాకు నువ్వేగా ఉంది.”

తరవాత ఆవిడ అతనితో మామూలుగానే ఉంది. పదింటికి మంచినీళ్ళు తాగావా అని అడిగింది. పన్నెండింటికి సంచీలోంచి అరటిపండు తీసి ఇచ్చింది. మధ్యాహ్నం కళ్ళు మూతలు పడి, తల అతని భుజానికి ఆనింది. రమణ కదలకుండా కూర్చున్నాడు. అక్క ఆడే ప్రతి మాటకీ అతని గుండె ఝల్లుమంటోంది. అమ్మా, ఈవిడ నాతో మాట్లాడడం మానేసేటట్టు చెయ్యి తల్లీ అని పెద్దింట్లమ్మకి మొక్కుకున్నాడు. ఏడాది చాలకపోతే పదేళ్ళు మానెయ్యనీ అనుకున్నాడు.

నాలుగున్నరకి తలుపు తెరుచుకుంది. ఆకుపచ్చ బట్టల్లో ఉన్న డాక్టరు మూతిగుడ్డ కిందికి లాగి, సూర్యనారాయణగారి వాళ్ళెవరండీ అన్నాడు. నలుగురూ లేచారు. గుండెలోది, కిడ్నీది అంతా ఒక్క ముక్కగా వచ్చిందన్నాడు. గుండె దానంతటది కొట్టుకుంటోందన్నాడు. మూడు రోజులు గడవాలి, ఆ తరవాత కూడా మందులు వాడాలి, ఇప్పటికైతే గండం గడిచింది అన్నాడు. జ్ఞానప్రసూనాంబ డాక్టరుకి అక్కడే దణ్ణం పెట్టేసింది. హరిణి తల్లిని కావలించుకుని వెక్కివెక్కి ఏడ్చింది.

“అక్కా,” అన్నాడు రమణ, దగ్గరికి వచ్చి.

ఉమాకుమారి కళ్ళు తుడుచుకుంది. ఒక్కసారి అతని మొహంలోకి నిండుగా చూసి, కూతురి వైపు తిరిగింది.

“హరిణీ, పొద్దుణ్ణించీ మీ మావయ్య ఒక్క అరటిపండుతోనే ఉన్నాడు. కిందకెళ్ళి ఇంత తిని రమ్మని చెప్పమ్మా.”

రమణ ఆవిడకి రెండడుగుల దూరంలోనే ఉన్నాడు. అమ్మ మాట హరిణి మళ్ళీ చెప్పేదాకా ఆగి, ఆ తరవాత మెట్లు దిగాడు.